హాస్య కార్యక్రమానికి జింగిల్: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేయాలి

పంచ్ బాగుంది, నవ్వు రావట్లేదు

ముందు అనుమానించాల్సింది స్టింగ్‌ని, అంటే జోకు తర్వాత మోగే చిన్న తాళం మోతని. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, నవ్వు కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. "అల్లుడు పులుసంతా తిని, చట్టి కూడా ఎత్తుకుపోయినాడు" అన్నప్పుడు "పోయినాడు" మీద తాళం మోగితే జోకు పోయినట్టే. వేవ్‌ఫామ్ (తెర మీద కనపడే శబ్దం గీత) పెద్దది చేసి, చివరి అక్షరం ఎక్కడ ఆగిందో పట్టుకోండి. అక్కణ్ణించి 300 నుంచి 500 మిల్లీసెకన్లు ఖాళీ వదలండి, ఆ కాసేపూ బెడ్ (మాటల వెనక మోగే సంగీతం) కూడా ఆపేయండి. బుర్రకథలో వంతలు "తందాన తాన" అందుకునేది కథకుడి మాట పూర్తయ్యాకే. స్టింగ్ పనీ అంతే, ఒకటిన్నర సెకను మించకూడదు.

సరైన చోట పెట్టినా ఆలస్యంగా మోగుతుంటే ఫైలు మొదట్లో నిశ్శబ్దం ఉన్నట్టు. ఎంపీ3గా మార్చినప్పుడు ముందు కొంత ఖాళీ చేరుతుంది. స్టింగులను వేవ్ (WAV) ఫైళ్లుగానే ఉంచి, మొదలు కత్తిరించండి.

పాటలో ఊరి పేరు తెలియట్లేదు

కారణం గురులఘువులు. నెల్లూరు, ఒంగోలు రెండూ తగణాలే: గురువు, గురువు, లఘువు. ఒకే ట్యూన్ రెండింటికీ సరిపోతుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో "నెల్"కి అర సెకను, "లూ"కి అర సెకను, "రు"కి పావు సెకను. గాయని "నె"ని సాగదీస్తే "నేలూరు" అవుతుంది. స్వరాన్ని "ల్" మీద నిలపమనండి. "రు"ని సాగదీస్తే "రూ" అవుతుంది కాబట్టి అక్కడ గొంతు ఆపి, మిగతా బీటుని వాయిద్యంతో నింపండి.

అదే ట్యూన్‌లో కావలిని ఇరికిస్తే "కావాలి" వినపడుతుంది. కావలి భగణం: గురువు, లఘువు, లఘువు. రెండో బీటుని సగం చేసి "వ", "లి" చెరో పావు సెకనుకి పంచితే ఊరు ఊరుగా వినిపిస్తుంది.

స్టూడియోలో డప్పు అదిరింది, ఆటోలో వినపడట్లేదు

చిన్న స్పీకర్లు 200 హెర్ట్జ్ కింద పెద్దగా పలకవు. డప్పు గుమ్ము అక్కడే ఉంటుంది. బాస్ పెంచితే బొంగురు తప్ప ఏమీ రాదు. సిటికెన పుల్ల దెబ్బ వినపడేలా 2 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పెంచండి. ఉదయగిరి చెక్క గరిటెలు రెండు తట్టి రికార్డు చేసి, డప్పు దెబ్బ మీదే కలిపి చూడండి. ఆ టక్కు ఫోన్ స్పీకర్లోనూ నిలబడుతుంది.

తర్వాత మోనోలో, అంటే రెండు వైపులనీ ఒకటిగా కలిపి, వినండి. స్టీరియో వెడల్పు పెంచే ఎఫెక్టు వాడి ఉంటే, రెండు వైపుల శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని వాయిద్యం మాయమవుతుంది. ఆ ఎఫెక్టు తీసేయడమే మందు.

మాటల కింద సంగీతం ఎగిరెగిరి పడుతోంది

డకింగ్‌లో (మాట రాగానే సంగీతాన్ని తగ్గించే అమరిక) రిలీజ్, అంటే సంగీతం మళ్లీ పైకి రావడానికి పట్టే సమయం, మరీ తక్కువ. 100 మిల్లీసెకన్లుంటే 500 చేయండి. మాట వచ్చినప్పుడు బెడ్ 12 డెసిబెల్స్ తగ్గితే చాలు. హార్మోనియం గొంతుతో పోటీ పడుతుంటే దాని స్వరాలను ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దించండి.

ఎఫ్‌ఎంలో తాళాలు చెవిలో గుచ్చుతున్నాయి

ప్రసారానికి ముందు ట్రాన్స్‌మిటర్ హెచ్చు పౌనఃపున్యాలను పెంచుతుంది, లిమిటర్ (శబ్దాన్ని హద్దు దాటనివ్వని పరికరం) వాటిని నొక్కేస్తుంది. మిక్సులోనే 8 కిలోహెర్ట్జ్ పైన 2, 3 డెసిబెల్స్ తగ్గించి పంపండి.

పది సెకన్ల జింగిల్ తోక తెగుతోంది

120 వేగంలో నాలుగు బీట్ల ఆవర్తం 2 సెకన్లు. ఐదు ఆవర్తాలు రాస్తే చివర కొట్టే గంట మోత ఆగడానికి చోటుండదు. నాలుగే రాసి, చివరి 2 సెకన్లు మోతకి వదలండి.