గోడ కుళాయి మార్చేటప్పుడు ఎల్బో పగలకుండా

బాత్రూంలో అర అంగుళం కుళాయి మార్చడం ఎవరైనా చేసుకోగల పనే. కానీ గోడ లోపలి ఎల్బో (కుళాయి బిగించే పైపు మలుపు ముక్క) పగిలిందంటే టైల్ కొట్టాలి, పైపు కోయాలి, మళ్ళీ సిమెంటు పూయాలి. అది పగలడానికి ముఖ్య కారణం, ఎక్కడ కారుతుందోనని భయపడి పానాతో మితిమీరి బిగించడం. నీళ్ళు కారకుండా ఆపే పని మర మీద చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపుది. దాన్ని మరల మధ్య నొక్కిపెట్టడం వరకే పానా పని.

ముందుగా అర అంగుళం ఎండ్ ప్లగ్ (మర ఉన్న మూత) ఒకటి కొని దగ్గర పెట్టుకోండి. కొత్త కుళాయి సరిపోక షాపుకి పరిగెత్తాల్సి వస్తే, ప్లగ్ గోడకి బిగించి ఇంట్లో మిగతా కుళాయిలకి నీళ్ళు వదులుకోవచ్చు. మేడ మీద ట్యాంకు వాల్వు కట్టేసి, కింద ఒక కుళాయి తెరిచి లైను ఖాళీ చేయండి. ఏళ్ళ తరబడి ముట్టుకోని గేట్ వాల్వుకి పానా వేస్తే స్పిండిల్ (పిడిని తిప్పే లోపలి కడ్డీ) విరిగిపోతుంది. చేత్తోనే అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించండి. కదలకపోతే ట్యాంకు ఖాళీ అయిన రోజే పని పెట్టుకోండి. వేడి, చన్నీళ్ళు కలిపే మిక్సర్ కుళాయి అయితే గీజరు స్విచ్ ఆపి, వేడినీళ్ళ వైపు కూడా కట్టేయాలి.

బోరు నీళ్ళ ఇళ్ళలో సున్నం పేరుకుని మరలు పట్టేస్తాయి. పాత కుళాయిని కుదపకుండా, ఒకే ఒత్తిడితో నెమ్మదిగా ఎడమకి తిప్పండి. ప్లాస్టిక్ ఎల్బోలోని ఇత్తడి మర భాగం కూడా కుళాయితో పాటే తిరుగుతున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆపి ప్లంబర్‌ని పిలవండి. అది ప్లాస్టిక్ నుంచి ఊడితే గోడ కొట్టక తప్పదు.

కుళాయి ఊడాక పాత టేపు ముక్కల్ని టూత్‌బ్రష్‌తో పూర్తిగా తీసేయండి. బకెట్ పట్టి ఒక్క క్షణం వాల్వు తెరిస్తే ఇసుక, సున్నం పెచ్చులు బయటికి కొట్టుకొస్తాయి. ఇది మరిచిపోతే అవన్నీ కొత్త కుళాయి మూతి జాలీలో ఇరుక్కుంటాయి. తర్వాత టేపు లేకుండా కొత్త కుళాయిని చేత్తో తిప్పి చూడండి. రెండు మూడు మరలే పట్టి ఆగిపోతే ఎల్బో టైల్ వెనక్కి పోయిందని అర్థం. దానికి ఎక్స్‌టెన్షన్ నిపుల్ (పొడవు పెంచే మర ముక్క) వేయాలి. ఎంత టేపు చుట్టినా ఆ లోటు తీరదు.

టేపు చుట్టే దిశ చాలామంది తప్పేది. కుళాయి మర కొస మీ వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. ఎదురు వైపు చుడితే బిగించేటప్పుడు టేపు ముడతలు పడి బయటికి వచ్చేస్తుంది. షాపుల్లో దొరికే సన్నటి టేపు అయితే 8 నుంచి 12 చుట్లు, మర గాట్లు పైకి కనిపించేంత బిగువుగా లాగుతూ చుట్టండి. కొసన మొదటి మరని ఖాళీగా వదిలేయండి.

ఇక బిగింపు. చేతికి తిరిగినంత తిప్పి, ఆపైన పానాతో ఒకటి, ఒకటిన్నర చుట్టు చాలు. మూతి నిటారుగా కిందికి వచ్చే చోటే ఆపాలి. దాటిపోయిందని కొంచెం వెనక్కి తిప్పితే టేపు సడలి, అక్కడ తప్పకుండా చెమ్మ వస్తుంది. అలా జరిగితే కుళాయి పూర్తిగా తీసి, కొత్త టేపు చుట్టి మళ్ళీ మొదలుపెట్టండి. విసుగనిపించినా వేరే దారి లేదు.

పైపు ముక్క కూడా మార్చాల్సి వస్తే కొలత దగ్గర జాగ్రత్త. అర అంగుళం సీపీవీసీ (వేడినీళ్ళకీ పనికొచ్చే ప్లాస్టిక్) పైపు బయటి వ్యాసం సుమారు 16 మి.మీ., అదే అర అంగుళం యూపీవీసీ (చన్నీళ్ళకి వాడే ప్లాస్టిక్) పైపుది 21 మి.మీ. పైమాటే. ఒకదాని ఫిట్టింగు ఇంకోదానికి పట్టదు, అతికించే జిగురు, అంటే సొల్యూషనూ వేరే. షాపుకి పాత ముక్క పట్టుకెళ్ళండి. పైపుని వంకర లేకుండా అడ్డంగా కోసి, అంచు గరుకు తీసి, తడి లేకుండా తుడవండి. సొల్యూషన్ పైపు మీద నిండుగా, ఫిట్టింగు లోపల పలచగా రాయాలి. పావు చుట్టు తిప్పుతూ లోపలికి నెట్టి అర నిమిషం కదలకుండా పట్టుకోండి. డబ్బా మీద రాసిన ఆరే సమయం గడిచాకే నీళ్ళు వదలాలి. రాత్రంతా వదిలేస్తే ఇంకా మంచిది.

కుళాయి వెనక ఉండే గుండ్రటి బిళ్ళని, అంటే ఫ్లాంజ్‌ని ఒక రోజు గోడకి నొక్కకుండా ముందుకి జరిపి ఉంచండి. జాయింటు చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పి చూస్తే కంటికి కనపడని చెమ్మ కూడా తెలుస్తుంది. ఫ్లాంజ్ మూసేస్తే ఆ చెమ్మ గోడలోకే పోతుంది.

కారుతున్నా మూయకూడని చోటు ఒకటుంది. గీజరు కింద సేఫ్టీ వాల్వు నుంచి నీళ్ళు కాగేటప్పుడు నాలుగు చుక్కలు పడటం మామూలే, వ్యాకోచించిన నీళ్ళకి అదే దారి. దానికి ప్లగ్ బిగిస్తే ఒత్తిడి పెరిగి ట్యాంకు పేలే ప్రమాదం ఉంది. గీజరు ఆపి, చల్లారాక కూడా ఆగకుండా కారుతుంటే ఆ వాల్వునే మార్పించండి.