డార్క్ బాక్ బీరు రుచి చూడటం ఎలా?

పోయిన సంక్రాంతికి విజయనగరంలో మా వరండాలో ఒక మంచి బాక్ సీసా వృథా అయింది. పగల్లేదు, ఒలకలేదు. మా చెల్లెలి భర్త దాన్ని గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి, తీసిన వెంటనే స్టీలు గ్లాసులో పోసి గుక్క వేశాడు. "ఏటి బావా ఇది? తీపీ నేదు, చేదూ నేదు. నల్లటి సోడానాగుంది" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అంత చల్లగా తాగితే ఎవరికైనా అలాగే ఉంటుంది. మనకు షాపుల్లో దొరికే స్ట్రాంగ్ బీరు అలాగే తాగాలి, లేకపోతే గొంతు దిగదు. ఆ అలవాటునే బాక్ మీద కూడా చూపిస్తారు. పదేళ్లుగా ఇదే తప్పు చూస్తున్నాను కాబట్టి, ఎలా తాగాలో ఒక్కసారి వివరంగా రాసేస్తున్నాను.

ఇది ఇరవై ఒకటి నిండినవాళ్లకే. బండి తాళాలు కూడా ముందే ఇంట్లోవాళ్లకు ఇచ్చేయండి. బాక్‌లో ఆల్కహాల్ సుమారు ఆరున్నర, ఏడు శాతం ఉంటుంది. డబుల్ బాక్ అయితే ఇంకా ఎక్కువ.

బాక్ ఉత్తర జర్మనీలోని ఐన్‌బెక్ అనే ఊరి బీరు. మధ్యయుగాల్లోనే అక్కడి నుంచి దూరదేశాలకు పీపాలు వెళ్లేవి. 17వ శతాబ్దంలో దక్షిణాన మ్యూనిక్ వాళ్లు అదే తరహా బీరు తామే తయారు చేసుకోవడం మొదలుపెట్టారు. మ్యూనిక్ ఉన్న బవేరియా ప్రాంతపు యాసలో ఐన్‌బెక్ కాస్తా 'ఐన్ బాక్' అయిందంటారు. మన నోట 'లేదు' 'నేదు' అయినట్టే. జర్మన్‌లో బాక్ అంటే మేకపోతు. అందుకే లేబుళ్ల మీద మేకపోతు బొమ్మ కనిపిస్తుంది. అయింగర్ అనే బీరు కంపెనీ వాళ్ల సెలబ్రేటర్ అనే డబుల్ బాక్ సీసా మెడకైతే తెల్లటి చిన్న ప్లాస్టిక్ మేకపోతు వేలాడుతూ ఉంటుంది. మా పిల్లల పెన్సిల్ బాక్సులో అలాంటివి మూడున్నాయి.

మన జిల్లాలో షాపుకెళ్లి బాక్ అని అడిగితే దొరకదు. నాకు మా అక్క కొడుకు తెస్తాడు, జర్మనీలో ఉద్యోగం. విదేశాల నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా రెండు లీటర్ల వరకు తెచ్చుకోవచ్చు. 330 మిల్లీలీటర్ల సీసాలు ఆరైతే 1,980 మిల్లీలీటర్లు, అంటే సరిగ్గా లెక్కకు సరిపోతాయి. ఏడాదికి ఆరే సీసాలు. ఒక్కటి పాడైనా నాకు బాధ ఎందుకో ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

సీసా, గ్లాసు, నంజుకోవడానికి

సీసాను నిలబెట్టి, వెలుతురు తగలని చోట ఉంచండి. ఎండ తగిలితే బీరులో చేదు కోసం వేసే హాప్స్ పువ్వుల పదార్థం విరిగి కంపు కొడుతుంది. ముదురు గోధుమరంగు సీసా దీన్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ సీసా అంతగా ఆపలేదు. ఒకసారి వేరే ఊళ్లో ఒక షాపులో కొన్న సీసా మూత తీయగానే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. దాన్ని పడమటి ఎండ పడే అద్దాల బీరువాలో అందంగా పేర్చి పెట్టారు.

పల్చటి గాజు గ్లాసు కావాలి, అడుగున వెడల్పుగా, పైన కాస్త ముడుచుకుని ఉంటే మేలు. స్టీలు గ్లాసు వద్దు, రంగు కనిపించదు. సీసాతోనే తాగడం అసలే వద్దు, ముక్కుకు ఏమీ అందదు. గ్లాసుకు అంట్ల సబ్బు వాసన గానీ తడిగుడ్డ వాసన గానీ ఉండకూడదు. మంచినీళ్లతో రెండుసార్లు తొలిచి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి.

నంజుకోవడానికి పలాస జీడిపప్పు, అంతే. ఇనుప మూకుడులో నూనె లేకుండా సన్నటి సెగ మీద, అంచులు గోధుమరంగు తిరిగేదాకా వేయించి, చిటికెడు ఉప్పు వేయండి. కారం వద్దు. మిరపకాయ బజ్జీలు పెట్టుకునేవాళ్లున్నారు. కారం తగిలిన నాలుకకు ఆల్కహాల్ ఇంకా మంటగా తెలుస్తుంది, మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి అంతా ఆ మంటలో పోతుంది. బజ్జీలు మర్నాడు తినండి.

అసలు కష్టం చల్లదనంతోనే

ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి. మిగతా పనుల్లో చిన్న పొరపాటు జరిగినా సర్దుకోవచ్చు. ఇందులో తప్పితే బాక్ తాగినట్టే కాదు.

బాక్‌ను 8 నుంచి 12 డిగ్రీల మధ్య తాగాలి. నా మట్టుకు 9 దగ్గర మొదలుపెట్టి, తాగుతూ తాగుతూ 12 దాటాక ముగించడమే సరైన పద్ధతి. ఇంట్లో ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే తాగితే తొందరపడ్డట్టే. ఫ్రీజర్ సంగతి చెప్పనక్కర్లేదు. అక్కడ మరిచిపోతే గడ్డకట్టి సీసాయే పగిలిపోతుంది.

ఎందుకింత పట్టింపు అంటే, చల్లటి వస్తువు వాసన వదలదు. ఫ్రిజ్‌లో పెట్టిన మామిడిపండును ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, తర్వాత గంటసేపు బయట ఉంచి మళ్లీ చూడండి. నాలుక సంగతీ అంతే, చలికి తీపి సరిగ్గా తెలియదు. గ్యాసు కుట్టడం మాత్రం బాగా తెలుస్తుంది. బాక్‌లో ఉన్నదంతా వాసన, మాల్టు తీపి. ఆ రెంటినీ చలికి పోగొట్టుకుంటే మిగిలేది మా బావ చెప్పిన నల్లటి సోడాయే.

ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు ఉంచి తీయండి. బయట ఎంతసేపు ఉంచాలన్నది కాలాన్ని బట్టి. మే నెలలో పావుగంట చాలు. డిసెంబరు, జనవరిలో అరగంట. గ్లాసులో పోశాక ఇంకో డిగ్రీ, డిగ్రీన్నర దానంతటదే ఎక్కుతుంది, అదీ లెక్కలో పెట్టుకోండి. వంటింటి థర్మామీటర్ ఉంటే గొడవే లేదు. లేకపోతే సీసాను అరచేతిలో గట్టిగా పట్టుకుని పది లెక్కపెట్టండి. పది లోపే చెయ్యి జివ్వుమని లాగితే ఇంకా ఆగాలి. పది దాకా హాయిగా పట్టుకోగలిగితే సిద్ధమైనట్టు. కుండ నీళ్లకన్నా చల్లగా, ఫ్రిజ్ నీళ్లంత చల్లగా కాకుండా ఉండాలి.

సీసా మీద చెమట ఆరాక మూత తీయాలని చెప్పేవాళ్లు నాకు చాలామంది తగిలారు. పొడిగాలి ఉన్న ఊళ్లలో అది పనిచేస్తుందేమో గానీ భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా మన గాలిలో పనిచేయదు. ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ. సీసా 15 డిగ్రీలకు వచ్చినా దాని మీద నీళ్లు కారుతూనే ఉంటాయి. చెమట ఆరేదాకా చూస్తే మీరు తాగేది గోరువెచ్చటి బీరు.

వేడెక్కించడానికి వేణ్నీళ్లలో పెట్టకండి. ఎండలో పెట్టకండి, పైన చెప్పిన కంపు వస్తుంది. ఫ్యాను కింద కూడా వద్దు. బల్ల మీద నీడపట్టున నిలబెట్టి వదిలేయండి. ఈలోగా జీడిపప్పు వేయించుకోండి, సరిగ్గా ఆ టైముకే అవుతుంది. తొందరపడి పోసేశారనుకోండి, గ్లాసును రెండు చేతుల మధ్య పట్టుకుని ఐదు నిమిషాలు కూర్చోండి. మరీ వేడెక్కిపోయిందనుకోండి, ఐసూ నీళ్లూ కలిపిన గిన్నెలో సీసాను నాలుగైదు నిమిషాలు ఉంచండి. ఎట్టి పరిస్థితుల్లోనూ గ్లాసులో ఐసు వేయకండి. నెలల తరబడి చలిలో ఊరిన బీరులో మున్సిపాలిటీ నీళ్లు కలిపినట్టే.

వేడెక్కితే మంచిదన్నాం కదా అని గది వేడిమి దాకా వదిలేయడమూ తప్పే. 15 దాటితే ఆల్కహాల్ ఘాటు ముందుకొస్తుంది, తీపి జిగటగా నాలుకకు పట్టేస్తుంది.

పోయడం, చూడటం

గ్లాసు ఒంచి సగం పోసి, నిలబెట్టి మిగతాది పోయండి. రెండు వేళ్ల నురగ రావాలి. ఆ నురగ తెల్లగా ఉండదు, ఫిల్టర్ కాఫీ మీది నురగ రంగులో ఉంటుంది. గ్లాసును ట్యూబులైటుకు ఎదురుగా పెట్టండి. మధ్యలో చెరకు పాకం రంగు, అంచుల్లో దానిమ్మ ఎరుపు. మబ్బుగా కాకుండా తేటగా ఉండాలి. ఇది లాగర్ కదా. జర్మన్‌లో లాగర్న్ అంటే నిల్వ ఉంచడం. 10 డిగ్రీల దగ్గర నిదానంగా పులిసి, ఆ తర్వాత సున్నా దగ్గర వారాలూ నెలలూ ఊరుతుంది. మడ్డి అంతా అప్పుడే కిందికి దిగిపోతుంది.

వాసన

నురగ కాస్త తగ్గాక గ్లాసును మెల్లగా ఒకసారి తిప్పి ముక్కు పెట్టండి. పొట్టిగా రెండుసార్లు పీల్చి ఆపండి, దీర్ఘశ్వాస వద్దు.

విదేశీ పుస్తకాల్లో దీనికి టాఫీ, అంజీర్, రై రొట్టె అని రాస్తారు. ఆ మాటలు పట్టుకుని వెతికేవాళ్లకు ఏమీ దొరకదు. చిన్నప్పటి నుంచి తినని వాటి వాసన ముక్కుకు ఎలా గుర్తుంటుంది? మన వంటిల్లే వెతకాలి. నాకు మొదటిసారి బాక్ వాసన చూసినప్పుడు వెంటనే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమె చోళ్లు (రాగులు) నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక నీడన ఆరబెట్టి, మంగలంలో వేయించేది. గింజలు చిటపటమని ఆగిపోయే క్షణంలో, మాడుకు ఒక్క అడుగు ముందు, ఇల్లంతా ఒక తియ్యటి వేపుడు వాసన కమ్మేది. అప్పుడు దింపేసి తిరగలికి పట్టేది. బాక్‌లో ఉన్నది ఆ వాసనే.

ఆ పోలిక ఊరికే తట్టింది కాదు. బీరు మాల్టు తయారయ్యేదీ అలాగే, చోళ్లకు బదులు బార్లీ. మొలకెత్తినప్పుడు గింజలోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పుడతాయి. ఆరబెట్టి, వేడి పెట్టి మొలకను ఆపేస్తారు. బాక్‌కు వాడే మ్యూనిక్ రకం మాల్టును మామూలు బీరు మాల్టు కన్నా ఎక్కువ వేడి మీద ఆరబెడతారు. ఆ వేడికి గింజలోని చక్కెర, ప్రొటీన్ ముక్కలు కలిసి గోధుమరంగూ రొట్టె అంచు వాసనా పుట్టిస్తాయి. రొట్టె కాలినప్పుడు, జీడిపప్పు వేగినప్పుడు జరిగేదీ ఇదే. అందుకే జీడిపప్పు అన్నాను.

చోళ్ల తర్వాత అరిసెల పాకం కోసం వెతకండి, ముదురుపాకం. దాని వెనక ఎండు ఖర్జూరం, కిస్మిస్. అరటిపండు, లవంగం వాసన వస్తే అది వేరే రకం బీరు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే పాతబడింది.

గుక్క

మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోకండి, అది నోరు కడగడానికి. రెండోది చిన్నగా తీసుకుని నాలుక మీద మూడు లెక్కల పాటు ఉంచి మింగండి. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. చాలామంది వదిలేసేది ఇదే, రుచిలో సగం ఇక్కడే తెలుస్తుంది. ముందు బాగా కాలిన రొట్టె అంచు, వెంటనే బెల్లం, చివర ఎండుపండు. చేదు వెనకే ఉండి, తీపిని మొహం మొత్తకుండా చూస్తుంది. మాడిన కాఫీ చేదు గట్టిగా తగిలితే మీరు తాగుతున్నది బాక్ కాదు, స్టౌట్ కావచ్చు. రెండూ నల్లగా ఉంటాయని ఒకటే అనుకోవద్దు. ఆల్కహాల్ గొంతులో మండకూడదు, ఛాతీలో వెచ్చగా తెలియాలి.

మూడు గుక్కల తర్వాత ఒక జీడిపప్పు. మళ్లీ గుక్క. 330 మిల్లీలీటర్ల సీసాకు ముప్పావుగంట పట్టాలి. పది నిమిషాల్లో అయిపోయిందంటే మీరు దాహానికి తాగారు, దానికి మజ్జిగ ఉంది.

రాసుకోవడం

రాసుకోకపోతే మర్నాటికి అన్ని సీసాలూ ఒకటే అయిపోతాయి. ఒక చిన్న పుస్తకంలో తేదీ, పేరు, ఆల్కహాల్ శాతం, ఫ్రిజ్ నుంచి తీశాక ఎన్ని నిమిషాలు ఆగారో రాయండి. తర్వాత మూడుసార్లు రుచి రాయాలి: మొదట్లో, సగంలో, చివర. 'బాగుంది', 'స్మూత్‌గా ఉంది' అని రాయకండి, వాటికి అర్థం లేదు. దేనిలా ఉందో రాయండి. ఐన్‌బెకర్ ఊర్‌బాక్ అనే బాక్ మీద మూడేళ్ల కిందట నేను రాసుకున్నది ఇది: "మొదట్లో చోడిపిండి, వేగినది. సగంలో చిమ్మిలి, నువ్వులు తీసేసిన చిమ్మిలి. చివర ఖర్జూరం గింజ చుట్టూ ఉండే పల్చటి పొర వగరు." ఈరోజు చదివినా ఆ గ్లాసు నా ముందున్నట్టే ఉంటుంది.

సంక్రాంతి తర్వాత ఇంకో సీసా తీసి మా బావను మళ్లీ కూర్చోబెట్టాను, ఈసారి అరగంట ఆగి. గ్లాసు దగ్గర ముక్కు పెట్టి కాసేపు మాట్లాడలేదు. "అంబలి కాసినప్పటి వాసనొస్తంది బావా" అన్నాడు. ఆ మాటే అతని చేత పుస్తకంలో రాయించాను.

అయిపోయాక గ్లాసు వెంటనే కడిగేయకండి. పది నిమిషాలు వదిలి, ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టండి. గ్యాసూ ఆల్కహాలూ ఎగిరిపోయాక అడుగున మాల్టు ఒక్కటే మిగులుతుంది, పాకం ఒంపేసిన గిన్నె వాసనలా. అది కూడా రాసి, అప్పుడు కడగండి.