గ్రీకు 'కై' గుర్తు తేడాగా వస్తోందా? ముందు కోడ్ నంబరు చూడండి

గ్రీకులో 'కై' అంటే 'మరియు'. చేతిరాత ప్రతుల్లోనూ పాత అచ్చు పుస్తకాల్లోనూ ఈ మాటను ఒకే గుర్తుగా కుదించి రాసేవారు. యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే ప్రమాణం) చిన్న కై నంబరు 983 (1999 నాటి 3.0 వెర్షన్), పెద్ద కై 975 (2008 నాటి 5.1). నంబర్లన్నీ దశాంశంలోనే ఇస్తున్నాను. గుర్తులు కావాలనే చూపించడం లేదు. చూపిస్తే కంటితో పోల్చడం మొదలుపెడతారు, గొడవంతా వచ్చేది అక్కడే.

లక్షణం ఏదైనా మొదటి పని ఒక్కటే. వర్డ్‌లో గుర్తు వెనకాల కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే 03డీ7 రావాలి, పదహారు ఆధారంగా రాసే ఆ నంబరే దశాంశంలో 983. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఆర్డ్ ఫంక్షన్ నేరుగా 983 అనే చెబుతుంది. ఈ చిన్న పని మానేసి ఫాంట్లు మారుస్తూ కూర్చునేవాళ్లే ఎక్కువ.

ఖాళీ డబ్బా వస్తోంది
నంబరు 983 అయితే ఫాంట్‌లో ఆ గుర్తు లేదు. ఫాంట్ మార్చండి, అంతే.

ప్రశ్నార్థకం వస్తోంది
ఫైల్‌ను పాత గ్రీకు ఎన్‌కోడింగ్‌లైన ఐఎస్ఓ 8859-7లోనో విండోస్-1253లోనో సేవ్ చేశారు. రెంటిలోనూ కైకి చోటు లేదు. పోయింది ఇక రాదు. మూలప్రతి నుంచి మళ్లీ తెచ్చుకుని, యూనికోడ్ అక్షరాలన్నీ పట్టే యూటీఎఫ్-8లో సేవ్ చేసుకోవాలి.

నెత్తిన రెండు చుక్కలున్న ఇంగ్లీషు ఐ, పక్కన పొడుగు గీత
యూటీఎఫ్-8లో 983 అంటే 207, 151 అనే రెండు బైట్లు. వాటిని విండోస్-1252గా (పశ్చిమ ఐరోపా భాషల పాత ఎన్‌కోడింగ్) చదివితే ఇలా కనిపిస్తుంది. సేవ్ చేయకుండా మూసేసి, యూటీఎఫ్-8గా తెరవండి. గీతకు బదులు డిగ్రీ సున్నా కనిపిస్తే మాత్రం ఆగండి. అక్కడ రెండో బైటు 176. అంటే అది మొదట్నుంచీ కై కాదు, కింద చెప్పబోయే 1008.

చూడ్డానికి బాగానే ఉంది, వెతికితే దొరకదు. లేదా ఉన్నట్టుండి కప్పా (గ్రీకు 'క' అక్షరం) అయిపోయింది
జనాన్ని బాగా తిప్పలు పెట్టేది ఇదే. 1008 దగ్గర గణితంలో వాడే కప్పా రూపం ఒకటుంది. కొన్ని ఫాంట్లలో అది దాదాపు కైలాగే కనిపిస్తుంది. క్యారెక్టర్ మ్యాప్‌లో వెతుకుతూ ముందు కనబడ్డ దాన్ని కాపీ చేసేస్తారు. తెర మీదా బాగుంటుంది, ప్రింటులోనూ బాగుంటుంది. ఎక్కడో ఒకచోట ఎన్ఎఫ్‌కేసీ నార్మలైజేషన్ (అక్షరాల రకరకాల రూపాలను ఒకే కోడ్‌కు మార్చే పద్ధతి) జరగ్గానే 1008 కాస్తా మామూలు కప్పా, 954, అయిపోతుంది. అసలు కై అలా మారదు, దాన్ని వేరే అక్షరంగా మార్చే నియమమే యూనికోడ్‌లో లేదు.

నిర్ధారణకు పెద్దక్షరంగా మార్చి చూడండి. 983 అయితే 975 వస్తుంది. 1008 అయితే 922, అంటే పెద్ద కప్పా.

మరమ్మతులో గుడ్డిగా 'రీప్లేస్ ఆల్' కొట్టకండి. రెండు పక్కలా ఖాళీ ఉన్న 1008నే 983గా మార్చండి, సమీకరణాల్లో ఉన్నవాటి జోలికి పోకండి. ఇప్పటికే 954 అయిపోయినవి ఉంటే ఒంటరి కప్పాలను ఒక్కొక్కటిగా చూడక తప్పదు. పక్కన చుక్క ఉంటే అది 'శ్రీ'లాంటి సంబోధన కావచ్చు. అంకె గుర్తు (884, నార్మలైజ్ అయ్యాక 697) ఉంటే అది 20 అనే సంఖ్య. ఈ రెండూ వదిలేయండి.

అన్నీ 983 అయ్యాక కూడా, మూడక్షరాల 'కై' అని వెతికితే గుర్తు దొరకదు. నాలుగు నార్మలైజేషన్ రూపాల్లో ఏదీ ఆ పని చేయదు. వెతుకులాట ఇండెక్సులో 983ని 954, 945, 953గా (కప్పా, ఆల్ఫా, అయోటా) విడగొట్టే నియమం మీరే రాసుకోవాలి.

పైనుండే స్వరచిహ్నం పక్కకు జరిగింది
కై, స్వరచిహ్నం కలిసిన ఒకే కోడ్ లేదు. ముందు 983, తర్వాత స్వరచిహ్నం కోడ్ 768 ఉండాలి. తిరగేస్తే చిహ్నం ముందున్న ఖాళీ మీద పడుతుంది. వరస సరిగ్గానే ఉంటే తప్పు ఫాంట్‌దే.

నంబరు 57344కూ 63743కూ మధ్య వస్తే అది ఏదో పాత ఫాంట్ సొంతంగా పెట్టుకున్న కోడ్. అరుదే. 983తో మార్చేయండి.