పెద్ద అంకె కాదు, దాని కింది చిన్న అక్షరాలు చదవండి

హోమ్ థియేటర్ రిసీవర్ (టీవీ వంటి వాటి ధ్వనిని పెంచి స్పీకర్లకు పంపే పరికరం) కొనబోతున్నవారికి ఒక్క మాట. పెట్టె మీద పెద్దగా అచ్చువేసిన వాట్లను పోల్చి ఎంచుకోకండి. అసలు సంగతి దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, 1 ఛానల్’ అని ఉందంటే, ఒకే ఛానల్‌కు, అంటే ఒక్క స్పీకరుకు వెళ్లే దారికి, ఒకే స్వరం ఇచ్చి, ధ్వని బాగా చెడేదాకా పెంచి కొలిచారన్నమాట. సినిమా చూస్తూ ఆ ధ్వనిని ఎవరూ భరించలేరు. ‘8 ఓమ్‌లు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 0.08 శాతం, 2 ఛానళ్లు’ అని ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఇలా కొలిచిన 80 వాట్లు, అలా కొలిచిన 150 వాట్లకు ఏమాత్రం తీసిపోకపోవచ్చు.

పైగా వాట్లు రెట్టింపైనా ధ్వని పెరిగేది 3 డెసిబెల్సే. సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ ధ్వని వస్తుందో చెప్పే అంకె) 87 ఉన్న స్పీకరుకు బదులు 90 ఉన్నది తీసుకున్నా అంతే లాభం, అదీ సగం వాట్లతోనే! అందుకే మామూలు హాలుకు నేనైతే స్పీకర్ల మీదే ఎక్కువ ఖర్చు పెడతాను.

రిసీవర్‌ను వెనక్కి తిప్పి చూడటం మరవకండి. టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐ సాకెట్ దగ్గర ‘ఈఆర్క్’ (టీవీ ధ్వనిని అదే తీగ మీదుగా రిసీవర్‌కు తెచ్చే సౌకర్యం) అని ఉందా, మీ సెట్‌టాప్ బాక్సు, గేమ్ కన్సోల్ పెట్టుకోవడానికి సాకెట్లు సరిపోతాయా చూసుకోండి. టీవీ అల్మరా లోతు కూడా టేపుతో కొలవండి. వెనక తీగలు వంగడానికి నాలుగు వేళ్ల చోటు, పైన వేడి పోవడానికి జానెడు ఖాళీ ఉండాలి.