ఇంటి అక్వేరియం – 5వ పాఠం: నీళ్ల పక్కన కరెంటు

పోయిన పాఠంలో తొట్టె ఎక్కడ పెట్టాలో, స్టాండు ఎంత బరువు మోయాలో చూశాం. ఇప్పుడు దానికి కరెంటు ఇద్దాం. షాపువాడు ఫిల్టరు, గాలి పంపు, లైటు, హీటరు అన్నీ ఒక కవర్లో వేసి ఇస్తాడు గానీ, వాటిని ఎలా కలపాలో చెప్పడు. మామూలుగా ఇవి మన ఇంటి 230 వోల్టుల మీదే నడుస్తాయి. ఫిల్టరు, హీటరు అయితే నీళ్లలో మునిగే ఉంటాయి.

ముందు మీ ఇంటి డీబీ, అంటే ఇంటి లైన్లన్నీ విడిపోయే బోర్డు పెట్టె తలుపు తెరవండి. వరసగా చిన్న చిన్న ఎంసీబీలు కనిపిస్తాయి, కరెంటు మితిమీరితే వాటంతటవే పడిపోయి లైను ఆపే స్విచ్‌లవి. ‘ఎంసీబీ ఉంది కదండీ, ఏం కాదు’ అనే ఎలక్ట్రీషియన్లు మన ఊళ్లో తక్కువేం కాదు. ఎంసీబీ ఉన్నది వైర్లు కాలిపోకుండా చూడటానికి, మనుషుల కోసం కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించి కరెంటు పారాలి. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు పారితేనే ప్రాణం మీదికి రావచ్చు. అంటే ఆ 6 ఆంపియర్లలో 200వ వంతు. తొట్టెలో చెయ్యి పెట్టిన మనిషి గిలగిల్లాడుతున్నా ఎంసీబీకి చీమ కుట్టినట్టైనా ఉండదు.

మనల్ని కాపాడేది ఆర్‌సీసీబీ. పాతవాళ్లు ఈఎల్‌సీబీ అంటారు. ఫేజులో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొస్తోందా లేదా అని అది లెక్క చూసుకుంటూ ఉంటుంది. కొంత కరెంటు మీ ఒంట్లోంచి నేలలోకి పోయిందంటే లెక్క తప్పుతుంది, క్షణంలో లైను తెగిపోతుంది. దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉందో లేదో చూడండి. 100, 300 అని ఉంటే మనిషికి షాక్ తగిలేటప్పుడు దాన్ని నమ్ముకోలేం.

ఆర్‌సీసీబీ మీద ‘టి’ అక్షరంతో ఒక బటన్ ఉంటుంది. తొట్టె నడుస్తుండగా దాన్ని నొక్కండి. టక్కున మీట కింద పడాలి, ఫిల్టరు ఆగాలి. మీట పడకపోతే అది పనిచేయడం లేదన్నమాట, మార్పించండి. మీట పడినా ఫిల్టరు ఆగకపోతే? ఈ పాఠంలో అసలు విషయం ఇదే. మీ తొట్టె సాకెట్ ఆ ఆర్‌సీసీబీ కిందికి రాని లైను మీద ఉండవచ్చు, లేదా ఇన్వర్టర్ లైను మీద ఉండవచ్చు. ఇన్వర్టర్ మీద ఉంటే, మెయిన్ తెగగానే అది అందుకుంది. బోర్డులో ఆర్‌సీసీబీ ఉన్నా, నీళ్లలో కరెంటు అలాగే ఉంది. ‘కరెంటు పోయింది కదా, ఈలోపు తొట్టె కడిగేద్దాం’ అని చెయ్యి పెట్టేవాళ్లకు పొంచి ఉన్న ప్రమాదం కూడా ఇదే.

నా మాట వింటే తొట్టెను ఇన్వర్టర్ మీంచి తీయించి, ఆర్‌సీసీబీ ఉన్న మామూలు లైనుకి మార్పించండి. కరెంటు పోతే చేపలకు ఊపిరాడదన్న టెన్షన్ ఉంటే రీఛార్జబుల్ గాలి పంపు ఒకటి కొని పెట్టుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఇన్వర్టర్ ఎన్ని గంటలొస్తుంది చెప్పండి? బ్యాటరీ పంపుకైతే పవర్ బ్యాంకు పెట్టి లాక్కురావచ్చు.

ఇక వైర్లు. తొట్టె అంచు మీంచి సాకెట్‌కు వైరును బిగుతుగా లాగకండి. అది సాకెట్ కంటే జానెడు కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కి ప్లగ్ దగ్గరికి చేరాలి. వానలో బట్టల తాడు చూడండి, చుక్కలన్నీ వంపు దగ్గరికి జారి అక్కడే రాలతాయి. ఇక్కడా అంతే. వైరు వెంట దిగిన నీళ్లు ఆ వంపు దగ్గర నేల మీద పడతాయి, ప్లగ్‌లోకి ఎక్కవు. సాకెట్ మరీ కిందికి ఉండి వంపుకి చోటు లేకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సును గోడకు కాస్త ఎత్తున, తొట్టెకు పక్కగా బిగించండి. తొట్టె కింద నేల మీద మాత్రం వద్దు.

గాలి పంపుది ఇంకో తంటా. కరెంటు పోగానే తొట్టెలో నీళ్లు ట్యూబు వెంట వెనక్కి వచ్చి పంపులోకి దిగవచ్చు. పంపును నీటిమట్టం కంటే పైన పెడితే ఈ గొడవ లేదు. కుదరకపోతే ట్యూబు మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు వేయండి, పెద్ద ఖరీదేం కాదు. బిగించే ముందు నోటితో ఊది చూడండి, ఒకవైపు నుంచే గాలి పోతుంది. గాలి బయటికొచ్చే కొస తొట్టె వైపు ఉండాలి.

విశాఖలో సముద్రం దగ్గర, బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్లకి ఒక మాట. ఉప్పుగాలికి ప్లగ్ పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. చిలుము పడితే కాంటాక్టు సరిగా ఉండదు, ప్లగ్ వేడెక్కుతుంది. నెలకోసారి ‘టి’ బటన్ నొక్కే రోజునే ప్లగ్గులన్నీ పీకి పిన్నులు చూడండి. రంగు మారినా, ప్లాస్టిక్ కమిలినట్టు కనిపించినా సాకెట్ మార్చాల్సిందే. ఉప్పునీటి తొట్టె అయితే వైర్ల మీద తెల్లగా పేరుకున్న ఉప్పును కూడా, ప్లగ్ పీకాకే, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

తొట్టెలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపితే చాలదు. పాత ఇళ్లలో స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద ఉండవచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా ఫిల్టరు దాకా కరెంటు వచ్చే ఉంటుంది. ప్లగ్గే పీకాలి, అదీ పొడి చేత్తో. హీటరైతే ప్లగ్ పీకి పావుగంట ఆగి నీళ్లు తీయండి. వేడి గాజుకి నీళ్లు తగ్గితే పగులుతుంది.

నీళ్లు తాకితే జివ్వుమంటోందని అనుమానం వచ్చిందా? మళ్లీ వేలు పెట్టి చూడొద్దు. టెస్టర్ ముంచి చూడటం కూడా నమ్మకమైన పని కాదు. డీబీలో మెయిన్ ఆపండి, ఇన్వర్టర్ ఉంటే అదీ ఆపండి, తొట్టె ప్లగ్గులన్నీ పీకండి. తర్వాత లైను వేసి, తొట్టెను ముట్టుకోకుండా, ఒక్కో ప్లగ్ పెడుతూ రండి. దేనితో ఆర్‌సీసీబీ పడిందో ఆ సామాను పారేయండి, టేపు చుట్టి వాడొద్దు. దేనితోనూ ఆర్‌సీసీబీ పడకపోతే తొట్టెను అలాగే వదిలేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎవరికైనా షాక్ కొడుతుంటే వాళ్లని పట్టుకుని లాగకండి. మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపి, 108కి ఫోన్ చేయండి.

ఈ వారం పని: ‘టి’ బటన్ నొక్కి ఫిల్టరు ఆగిందో లేదో రాసుకోండి. వైర్లకు వంపులు పెట్టండి. విశాఖ వాతావరణానికి హీటరు అసలు అవసరమా అన్నది వచ్చే పాఠంలో తేలుద్దాం. అప్పటిదాకా దాన్ని డబ్బాలోంచి తీయకండి.