పెళ్లి ముహూర్తం, డ్రిల్లు వారాంతం: చేతిపట్టీ ఊడకుండా ముందు జాగ్రత్తలు

అమెరికా ఆర్మీ రిజర్వులోనో, నేషనల్ గార్డులోనో పార్ట్‌టైమ్ సైనికులుగా పనిచేస్తున్న మన పిల్లలకు మే నుంచి ఆగస్టు దాకా గండకాలం. రెండు వారాల వార్షిక శిక్షణ, అందరూ ఏటీ అని పిలిచేది, ఎక్కువగా ఈ నెలల్లోనే పడుతుంది. సరిగ్గా అప్పుడే ఊళ్లో పెళ్లిళ్లు. అమ్మ ఫోను చేసి, "మళ్లీ ముహూర్తాలు లేవట నాన్నా, నాలుగు రోజులు సెలవు ఇవ్వరా?" అంటుంది. అడిగితే చాలాసార్లు ఇస్తారు. అడిగినట్టు కాగితం మీద ఉండాలి, అంతే. ఆ కాగితం సంగతి మరిచి విమానం ఎక్కినవాళ్లే, తిరిగొచ్చాక చేతిపట్టీలో ఒక గీత తగ్గిందని, అంటే ర్యాంకు ఒక మెట్టు దిగిందని, వాపోతుంటారు.

నేను న్యాయవాదిని కాను. రిజర్వులో సార్జెంటుగా ఉంటూ చాలాకాలం హాజరు పట్టీలు చూసినవాణ్ణి. ర్యాంకు తగ్గించారని అప్పీలు రాసుకునే కుర్రాళ్ల పక్కన కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: ఆ అప్పీళ్లలో నిలబడేవి వాక్చాతుర్యం ఉన్నవి కావు, తప్పిపోయిన రోజుకు ముందు తేదీ వేసి ఉన్న ఒక్క ఈమెయిలైనా జతచేసినవి. అందుకే అప్పీలు పని శిక్షణకు ముందే మొదలుపెట్టమంటాను.

తొమ్మిది లెక్క

రిజర్వులో, గార్డులో ఏడాదికి 48 డ్రిల్లు పూటలు, అంటే వారాంతాల్లో జరిగే శిక్షణ పూటలు. ఒక మామూలు వారాంతం అంటే శనివారం రెండు, ఆదివారం రెండు, మొత్తం నాలుగు పూటలు. అనుమతి లేని గైర్హాజరీలు ఒక ఏడాది వ్యవధిలో తొమ్మిదికి చేరితే సంతృప్తికరంగా పాల్గొనడం లేదని ముద్ర పడుతుంది. చాలామంది దీన్ని తొమ్మిది వారాంతాలు అనుకుంటారు. కానే కాదు. సంక్రాంతికి ఒక వారాంతం, చెల్లెలి పెళ్లికి ఒక వారాంతం చెప్పకుండా మానేస్తే ఎనిమిది అయిపోయాయి. ఆ తర్వాత ఏదో ఒక శనివారం పొద్దున కారు మొరాయించి మొదటి పూట పోయిందనుకోండి, తొమ్మిది. ఏటీ సంగతి వేరు. దానికి అనుమతి లేకుండా వెళ్లకపోతే ఈ లెక్కతో పనే లేదు, ఆ ఒక్కటే చాలు.

కనుక టికెట్ కొనకముందే యూనిట్ వార్షిక శిక్షణ పట్టిక తెరిచి తేదీలు సరిచూసుకోండి. ఢీకొంటున్నాయా, వెంటనే బదులు శిక్షణ అడగండి. దాన్ని ఆర్‌ఎస్‌టీ అంటారు, అంటే వేరే రోజు వచ్చి ఆ పూటలు పూర్తి చేయడం. ఈమెయిలు మీ తక్షణ సార్జెంటుకు పంపి, ప్లటూన్ సార్జెంటుకు, శిక్షణ చూసే గుమాస్తాకు ప్రతి పెట్టండి. జవాబు రాకపోతే వారం ఆగి అదే ఈమెయిలు కింద మళ్లీ రాయండి, కొత్తది మొదలుపెట్టకండి. పాతదీ కొత్తదీ ఒకే వరుసలో కనబడితే మీరెన్ని రోజుల ముందు నుంచి అడుగుతున్నారో చదివేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

ఇదంతా పుస్తకం చూసి చెప్పడం లేదు. మా నాన్నకు ఆపరేషన్ అని నేను హడావిడిగా విజయవాడ వెళ్లినప్పుడు అప్పటి ప్లటూన్ సార్జెంటుకు ఫోనులో చెప్పాను. "వెళ్లిరా, నేను చూసుకుంటా" అన్నాడు. మంచివాడే, అబద్ధం చెప్పలేదు. కానీ నేను తిరిగొచ్చేలోగా బదిలీ అయ్యాడు. పట్టీలో నా పేరు ఎదురుగా నాలుగు పూటలూ అనుమతి లేని గైర్హాజరీ. వెళ్లేరోజు విమానాశ్రయంలో కూర్చుని, అప్పుడున్న చిరాకులో అతనికి "బయలుదేరుతున్నాను, ఆర్‌ఎస్‌టీ కాగితం వచ్చాక ఇస్తాను" అని ఒక సందేశం పెట్టాను. దానికి అతను పెట్టిన బొటనవేలి బొమ్మ, దాని కింద సమయం, అవే నన్ను కాపాడాయి. పట్టీ దిద్దించడానికి మూడు నెలలు పట్టింది.

ఇంకో మాట, చిరునామా గురించి. గైర్హాజరీ ఉత్తరాలు మీరు యూనిట్‌కు ఇచ్చిన ఆఖరి చిరునామాకు వెళతాయి. అక్కడ ఎవరూ తీసుకోక తిరిగి వెళ్లినా, ఆ ఉత్తరం పంపినట్టే లెక్క. "నాకు అందలేదండీ" అన్నది వాదనగా నిలవదు. చదువుల కోసమో ఉద్యోగం కోసమో ఏడాదికో అపార్ట్‌మెంట్ మారే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇల్లు మారిన వారంలోనే చిరునామా మార్పించి, మార్చినట్టు కనిపించే తెరను ఫోటో తీసి పెట్టుకోండి.

జబ్బు చేస్తే బయటి డాక్టరు చీటీ మీ జేబులో ఉంటే లాభం లేదు. అది యూనిట్ చేతికి చేరాలి. అవసరమైతే సైనిక వైద్యులు దాన్ని ప్రొఫైల్‌గా మార్చాలి. అప్పుడే ఫలానా పని చేయలేడన్నది రికార్డుకెక్కుతుంది.

కోర్సుకు వెళ్లకపోతే

డ్రిల్లు ఎగ్గొట్టడం ఒక రకం, నాయకత్వ కోర్సు తప్పిపోవడం మరో రకం. 2016 నుంచి ఆర్మీలో కోర్సు అయ్యాకే పదోన్నతి అన్న పద్ధతి నడుస్తోంది. సార్జెంటు కావాలంటే 22 రోజుల ప్రాథమిక నాయకత్వ కోర్సు, బీఎల్‌సీ, పూర్తి చేయాలి. అయితే మధ్యమధ్యలో మినహాయింపులు వచ్చాయి: ముందు ర్యాంకు తీసుకో, గడువులోగా కోర్సు పూర్తి చేయి అని. అలా షరతు మీద వచ్చిన ర్యాంకు, కోర్సు పూర్తి కాకపోతే వెనక్కి పోతుంది. సీటు కేటాయించాక చెప్పకుండా రాకపోతే నో షో అని రాస్తారు. సైన్యంలో ఇంత చిన్న మాటకు ఇంత బరువు ఇంకెక్కడా చూడలేదు.

ఇక్కడొక తేడా గమనించాలి. ఇది శిక్ష కాదు, షరతు తీరలేదు కనుక ర్యాంకు నిలవలేదని వాళ్లు అంటారు. కాబట్టి నేను మంచి సైనికుణ్ణి, పతకాలు వచ్చాయి, నడవడిలో మచ్చ లేదు అని పేజీలు నింపినా లాభం ఉండదు. అడిగే ప్రశ్న ఒక్కటే: వెళ్లలేకపోవడం మీ చేతిలో ఉందా, లేదా? ఇంట్లో విపత్తు, వైద్య కారణం, యూనిట్ స్వయంగా వేరే పనికి పంపడం, వీటిలో ఏదైనా ఉంటే కోర్సు మొదలయ్యే తేదీకి ముందే లిఖితపూర్వకంగా ఆ సీటు నుంచి విడుదల కోరాలి. సీటు వివరాలు ఏటీఆర్‌ఆర్‌ఎస్ అనే రిజర్వేషన్ వ్యవస్థలో ఉంటాయి. అక్కడ మీ పేరు ఎదురుగా కారణం ఏమని పడిందో శిక్షణ గుమాస్తాను అడిగి ముద్రించుకోండి. రద్దు చేయించుకున్న సీటు, నో షో, రెండూ పైనుంచి చూసేవాళ్లకు వేర్వేరు మనుషులంత తేడా.

కోర్సుకు వెళ్లి ఎత్తు, బరువు కొలతల పరీక్షలో తిరుగుటపా కట్టేవాళ్లూ ఉన్నారు. ఊరెళ్లి నెల రోజులు అమ్మమ్మ చేతి పూర్ణాలు తిని నేరుగా బీఎల్‌సీకి పోకండి.

ర్యాంకు తగ్గింపు నోటీసు చేతికొస్తే

మొదట చేయకూడనిది చెబుతాను. ఆ రోజే, ఆ గదిలోనే వివరణ రాసి సంతకం పెట్టకండి. మనకు పెద్దవాళ్లు అడిగితే జవాబు చెప్పకపోవడం అమర్యాద అనే పెంపకం. అక్కడ ఆ మర్యాద కొంప ముంచుతుంది. నేరం అనుమానిస్తూ ప్రశ్నించేటప్పుడు, మౌనంగా ఉండే హక్కు ఉందని ముందే చెప్పాలని సైనిక న్యాయ స్మృతిలోని ఆర్టికల్ 31 అంటుంది. "లాయరుతో మాట్లాడాక చెబుతాను సర్" అంటే చాలు. టీడీఎస్ అనే రక్షణ న్యాయవాదుల విభాగం ఆర్మీలోనే ఉంది. ఫీజు లేదు, మీరు చెప్పింది కమాండరుకు చేరదు.

తర్వాత, మీ ర్యాంకు ఏ దారిలో పోతోందో కాగితం చూసి తేల్చుకోండి. దారి తెలియకుండా అప్పీలు రాయడం, బస్సు పేరు చూడకుండా ఎక్కడం లాంటిది.

ఆర్టికల్ 15 అయితే: ఇది కోర్టు దాకా పోకుండా కమాండరే వేసే శిక్ష. ఒప్పుకోవాలా, కోర్టుమార్షల్ కోరాలా అన్నది ఆలోచించుకోవడానికి సాధారణంగా 48 గంటలు ఇస్తారు. శిక్ష పడ్డాక అప్పీలుకు అయిదు రోజులే. పని దినాలు కావు, మామూలు రోజులు. అప్పీలు చేస్తే శిక్ష పెంచుతారేమోనని భయపడతారు, పెంచడానికి వీల్లేదు. కానీ అప్పీలు తేలేదాకా ర్యాంకు ఆగి ఉంటుందనీ అనుకోవద్దు. ఇంకొకటి చూడాలి, వేసినవాడికి ఆ అధికారం ఉందా అని. కంపెనీ స్థాయి కెప్టెన్, సార్జెంటుకు కింది మెట్టైన స్పెషలిస్టును ఒక మెట్టు దించగలడు గానీ సార్జెంటును దించలేడు. దానికి ఫీల్డ్ స్థాయి అధికారి, అంటే మేజర్ లేదా ఆపైవారు, కావాలి, ఆయనైనా సార్జెంటును ఒక్క మెట్టే దించాలి. నేషనల్ గార్డు వాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి: మామూలు డ్రిల్లు వారాంతంలో మీరు రాష్ట్ర గవర్నరు అధీనంలో ఉంటారు. అప్పుడు వర్తించేది ఆ రాష్ట్రపు సైనిక స్మృతి. గడువులు కూడా దాని ప్రకారమే.

అసమర్థత పేరుతో పాలనాపరంగా తగ్గిస్తే: ఈ దారిలో వాదనకు చోటు ఎక్కువ. ఆ యూనిట్‌లో కనీసం 90 రోజులు ఉన్నవారినే ఇలా తగ్గించాలి. సార్జెంటు, ఆపై వారికి బోర్డు పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకే ఒక తప్పుకు గానీ, ఆర్టికల్ 15కు బదులుగా గానీ ఈ దారి వాడకూడదని నిబంధన. సంవత్సరమంతా సక్రమంగా వచ్చి ఒక్క వారాంతం తప్పినవారిని అసమర్థులని దించితే, మీ అప్పీలు మొదటి వాక్యం అదే కావాలి. ఆర్మీ రెగ్యులేషన్ 600-8-19 తెరిచి తగ్గింపుల భాగం మీ కళ్లతో చదవండి. గదిలో ఉన్న వాళ్లలో దాన్ని చదివినవారు మీరొక్కరే కావచ్చు.

ఇక రాత. ఒక కుర్రాడు నాకు చూపించిన మొదటి చిత్తు ఇలా ఉంది: "కుటుంబ కారణాల వల్ల రాలేకపోయాను. నేనెప్పుడూ క్రమశిక్షణ గల సైనికుణ్ణి. దయచేసి మన్నించండి." ఇందులో తేదీ లేదు, కాగితం లేదు, నిబంధన లేదు. కూర్చుని వరస పెడితే ఇలా తేలింది: "మార్చి 3న బదులు శిక్షణ కోరాను, జత 1. మార్చి 11న మళ్లీ గుర్తుచేశాను, జత 2. రెండింటికీ జవాబు రాలేదు. ఏప్రిల్ 6, 7 తేదీల్లో మా నాయనమ్మ సంవత్సరీకంలో ఉన్నాను, మరణ ధ్రువపత్రం జత 3. గత పన్నెండు నెలల్లో నాకు మరో గైర్హాజరీ లేదు, హాజరు పట్టీ జత 4." మన్నించమని ఎక్కడా లేదు. చదివేవారికి పని తక్కువ చేసిన ఉత్తరం అది. పంచాయతీవారు ఇచ్చే పత్రాలు తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం, అనువదించినవారి సంతకంతో సహా జతచేయాలి. వాట్సాప్‌లో పంపిన మసక ఫోటో కాకుండా స్కాన్ చేయించుకోండి. ఊళ్లో మీసేవలోనో, పక్క జెరాక్స్ కొట్టులోనో అయిదు నిమిషాల పని.

అడిగేటప్పుడు మొత్తం రద్దు ఒక్కటే అడగకండి. ఆర్టికల్ 15లో శిక్షను ఆరు నెలల దాకా సస్పెన్షన్‌లో పెట్టే వీలుంది. ఆ గడువు సజావుగా గడిపితే తగ్గింపు తనంతట తానే తొలగిపోతుంది. "రద్దు చేయండి, కాని పక్షంలో సస్పెన్షన్‌లో ఉంచండి" అంటే పై అధికారికి తన కింది కమాండరు మాట పూర్తిగా కొట్టేయకుండా మీకు మేలు చేసే సందు దొరుకుతుంది. కోపంలో మొదటే అమెరికా కాంగ్రెస్ సభ్యుడికి, ఆర్మీలో ఫిర్యాదులు చూసే ఇన్‌స్పెక్టర్ జనరల్‌కు ఉత్తరాలు రాయకండి. అప్పీలు మార్గం ఉండగా వాళ్లు తిరిగి అక్కడికే పంపుతారు. ఈలోగా అయిదు రోజులు గడిచిపోతాయి.

ఇవన్నీ అయ్యాక మిగిలేది రికార్డులు దిద్దే బోర్డు, ఏబీసీఎంఆర్. డీడీ 149 ఫారం. పొరపాటు తెలిసిన మూడేళ్లలోగా పెట్టాలి. కింది మార్గాలన్నీ ముగిశాకే వాళ్లు ముట్టుకుంటారు. నెలల తరబడి పడుతుంది.

సైనిక సేవ ద్వారా పౌరసత్వం పొందినవారికి ప్రత్యేకంగా ఒక మాట. పౌరులు కానివారిని సైన్యంలోకి తీసుకున్న మావ్ని పథకంలో చేరిన మన విద్యార్థులు కొందరు ర్యాంకు పోగానే పౌరసత్వమూ పోతుందని హడలిపోయేవారు. ర్యాంకు తగ్గింపుతో అది పోదు. కానీ గౌరవప్రదమైన సేవ మొత్తం అయిదేళ్లు నిండకముందే, గౌరవప్రదం కాని పద్ధతిలో సైన్యం నుంచి పంపేస్తే దాన్ని రద్దు చేసే అధికారం చట్టంలో ఉంది. గైర్హాజరీలు పెరిగి ఆ దిశగా పోతున్నట్టు అనిపిస్తే వలస చట్టం తెలిసిన లాయరును కూడా కలవండి.

ఆఖరుగా ఇంటివాళ్లకు చెప్పి ఉంచాల్సింది. మీరు ఏటీలో ఉండగా ఊళ్లో ఎవరికైనా ప్రాణం మీదకు వస్తే, అమెరికన్ రెడ్‌క్రాస్ ద్వారా యూనిట్‌కు అత్యవసర సందేశం పంపవచ్చు. ఆసుపత్రితో మాట్లాడి నిజమో కాదో వాళ్లే సరిచూస్తారు కనుక కమాండరు సందేహించడు. అందుకు మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, ర్యాంకు, యూనిట్ పేరు, చిరునామా ఇంట్లోవాళ్లకు తెలియాలి. ఒక కాగితం మీద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసి ఇచ్చి రండి. మా ఇంట్లో అది వంటగదిలో, క్యాలెండరు పక్కన, గ్యాస్ బుకింగ్ నంబరు కింద అంటించి ఉంది.