మెరిసే ట్యాంకు లోపల అలలు: పోగు చుట్టేటప్పుడే తప్పు పట్టుకోవడం ఎలా?

ట్యాంకు మీద కార్బన్ పోగు చుట్టే వైండింగ్ మెషిన్ దగ్గర కొత్తగా చేరినవాళ్లకు ముందు ఒక రింగు చూపిస్తాను. 700 బార్ ఒత్తిడిలో హైడ్రోజన్ నిల్వ చేసే ట్యాంకు కోసం నేనే చుట్టి, పరీక్షకు కోసిన ముక్క అది. బయట అద్దంలా ఉంటుంది. కోసిన అంచును నీళ్లు పోస్తూ ఎమరీ కాగితంతో రుద్ది భూతద్దం పెడితే, లైనరుకు, అంటే లోపలి ప్లాస్టిక్ డొల్లకు, దగ్గరి పొరల్లో కార్బన్ పోగు అలలు అలలుగా కనిపిస్తుంది.

మొదటి పొర నుంచి చివరి పొర దాకా పోగుకు ఒకే టెన్షన్ (లాగే బిగువు) ఉంచాను. పై పొరలు బిగిసేకొద్దీ కింది పొరల్లోని తడి రెసిన్ (పోగును అతికించి తర్వాత గట్టిపడే జిగురు) పక్కకు జరిగింది, పోగు వదులై ముడత పడింది. ముడత పడిన పోగు తన వంతు బరువు మోయదు. మా నాన్న చీరాలలో మగ్గం నేసేవారు. పడుగు వదులైన చోట బట్ట పొంగుతుందని ఆయన చెప్పిన మాట ఆ రోజు గుర్తొచ్చింది.

ఈ ట్యాంకులో నింపేటప్పుడు ఒత్తిడి 875 బార్ దాకా వెళ్లొచ్చు. మా డిజైన్‌లో 1575 బార్ లోపు పగలకూడదు. అందుకే లోపలి పొరలకు టెన్షన్ ఎక్కువ పెట్టి, బయటికి వచ్చేకొద్దీ కొంచెం కొంచెం తగ్గించండి. ఎంత తగ్గించాలో మీ పోగు, మీ రెసిన్‌తో ట్రయల్ రింగులు చుట్టి, కోసి చూసి తేల్చుకోవాలి. టెన్షన్ కొలిచేది కండె దగ్గర కాదు, పోగు ట్యాంకు మీదికి దిగే చోట. మధ్యలో ఉన్న రోలర్ల రాపిడి లెక్క మార్చేస్తుంది.

రెసిన్ కొంచెం కొంచెంగా కలపండి. తొట్టిలో ఎక్కువసేపు ఉంటే చిక్కబడుతుంది, పోగు లోపలికి దిగదు, గాలి బుడగలు మిగులుతాయి. పోగును దారిలో పెట్టే గైడు దగ్గర చేరే పోగు నూగు తుడవకపోతే ఉండ కట్టి పొర కిందికి పోతుంది. తుడిచేముందు మెషిన్ ఆపండి.

ట్యాంకు చివర గుమ్మటం మొదలయ్యే చోట మరింత జాగ్రత్త కావాలి. అడ్డంగా చుట్టే పొరలన్నీ ఒకే గీత దగ్గర ఆపితే అక్కడ మెట్టు పడుతుంది. తర్వాత ఏటవాలుగా వచ్చే పోగు దాని మీదుగా వంతెనలా దాటిపోతుంది, కింద ఖాళీ మిగులుతుంది. ఒక్కో పొరను కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిపి ఆపండి. టార్చి ఏటవాలుగా వేస్తే ఆ ఖాళీ నీడలా స్పష్టంగా కనిపిస్తుంది. తడిగా ఉన్నప్పుడే పొర విప్పి మళ్లీ చుట్టొచ్చు. ఓవెన్‌లోకి వెళ్లాక ఆ అవకాశం ఉండదు.

లైనరు నొక్కుకుపోకుండా లోపల కొద్దిగా గాలి ఒత్తిడి ఉంచి, ప్రతి పొరకూ గేజీ చూడండి. ఓవెన్‌లో రెసిన్ గట్టిపడేదాకా ట్యాంకు తిరుగుతూనే ఉండాలి, లేకపోతే రెసిన్ కిందికి జారుతుంది. వేడి నెమ్మదిగా పెంచండి. మందమైన గోడలో రెసిన్ తనంతట తానే వేడెక్కుతుంది, హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌తో చేసిన లైనరేమో 130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది.

ప్రతి పొరకూ టెన్షన్, రెసిన్ కలిపిన టైము, గేజీ రీడింగు కాగితం మీద రాయండి. తర్వాత రింగు కోసినప్పుడు తప్పు ఎన్నో పొరలో కనిపిస్తే, కాగితంలో ఆ వరస చూడండి.